నల్లరేగడి మీద కృత్రిమ పచ్చిక: నీటికి దారి ఎటు?

కృత్రిమ పచ్చిక పరిచిన ఆటస్థలాన్ని చూసేవారి కళ్లు సహజంగానే పైనున్న ఆకుపచ్చ పోగుల మీద నిలుస్తాయి. కొనేవారు కూడా పోగు పొడవు ఎంత, ఒత్తు ఎంత అనే అడుగుతారు. కానీ ఆ పచ్చిక ఏళ్ల తరబడి చదునుగా నిలుస్తుందా, తొలి వానాకాలంలోనే మిట్టపల్లాలు తేలి మడుగు కడుతుందా అన్నది దాని అడుగున జానెడు లోతులో జరిగిన పని మీద ఆధారపడి ఉంటుంది. బాక్స్ క్రికెట్ కోసం, బడి ఆవరణల కోసం మన ఊళ్లలో ఈ పచ్చికను పరుస్తున్న స్థలాల్లో నల్లరేగడి నేలలు చాలా ఉన్నాయి కాబట్టి, ఆ నేల స్వభావాన్ని ముందుగా అర్థం చేసుకోవాలి.

బంకమన్ను రేణువు 0.002 మిల్లీమీటర్ల కంటే చిన్నది. ఇసుక రేణువులా గుండ్రంగా కాక పలచని రేకులా ఉంటుంది. నల్లరేగడిలో సమృద్ధిగా ఉండే మాంట్‌మోరిల్లొనైట్ వర్గపు ఖనిజాల్లో ఈ రేకులు ఒకదానికొకటి బలహీనంగా అంటుకుని ఉండడం వల్ల, నీరు వాటి నడుమకు చొరబడి రేకులను ఎడంగా నెడుతుంది. వానలో ఆ నేల ఉబ్బడానికీ, ఎండలో చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చడానికీ కారణం ఇదే.

మట్టిలోంచి నీరు ఎంత వేగంగా ప్రవహిస్తుందో లెక్కగట్టే సూత్రాన్ని ఫ్రాన్స్‌లోని దిజోన్ నగరానికి మంచినీటి వ్యవస్థను నిర్మించిన ఇంజనీరు ఆన్రీ డార్సీ 1856లో ప్రకటించాడు. ఆ సూత్రం ప్రకారం చూస్తే, బాగా తడిసి బిగుసుకున్న బంకమట్టిలో నీరు ఒక్క మిల్లీమీటరు దిగడానికి సుమారు 11 రోజులు పట్టవచ్చు. శుభ్రమైన కంకరలో అదే నీరు ఒక్క సెకనులో సెంటీమీటరు దిగిపోగలదు. ఈ రెండింటి మధ్య తేడా కోటి రెట్లు.

వేసవిలో స్థలాన్ని పరీక్షించేవారిని నల్లరేగడి మోసగించేది ఇక్కడే. మే నెలలో అడుగు లోతు గుంత తవ్వి నీళ్లు పోస్తే అవి నెర్రెల్లోకి జారి క్షణాల్లో మాయమవుతాయి. నేల నీటిని బాగా పీలుస్తోందని మేస్త్రీ తృప్తిపడతాడు. నాలుగు వానలు పడి ఆ నెర్రెలు మూసుకుపోయాక అదే గుంతలో నీళ్లు రోజుల తరబడి నిలుస్తాయి. గుంతను నింపి, మర్నాడు మళ్లీ నింపి, నేల పూర్తిగా నానిన తరువాత మట్టం ఎంత తగ్గిందో చూసినప్పుడే నిజం తెలుస్తుంది.

ఇది గ్రహించకపోతే మంచి ఉద్దేశంతో చేసిన పనే చెరుపు చేస్తుంది. మట్టిని తవ్వి, గోతిని కంకరతో నింపి, పైన పచ్చిక పరిస్తే అది నీళ్ల తొట్టి అవుతుంది. 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు ఉన్న స్థలం మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే చేరే నీరు 10,000 లీటర్లు. 150 మిల్లీమీటర్ల మందాన పరిచిన ఒకే సైజు కంకరలో ఖాళీలు సుమారు 40 శాతం ఉంటాయి కాబట్టి, ఆ నీరంతా అందులో ఇముడుతుంది. పైకి తడి కనిపించదు, కానీ అడుగున రేగడి నానుతూ, ఉబ్బుతూ, మెత్తబడి కంకర సందుల్లోకి ఎగదన్నుతూ ఉంటుంది.

నీరు పల్లమెరుగు అన్నారు. కిందికి దారి మూసుకుపోయిన చోట పక్కకు పల్లం చూపించడం మన బాధ్యత. నా దృష్టిలో ఈ పని మొత్తానికీ ప్రాణం లాంటిది తవ్విన మట్టి అడుగుకే వాటం ఇవ్వడం. చాలామంది పై పొరకు వాటం ఇచ్చి అడుగును వదిలేస్తారు. నీరు నిజంగా ప్రవహించేది అడుగునే కాబట్టి, మీటరుకు ఒక సెంటీమీటరుకు తగ్గకుండా ఆ అడుగే వాలి ఉండాలి. పల్లపు అంచున చిన్న కాలువ తవ్వి, రంధ్రాలున్న 100 మిల్లీమీటర్ల పీవీసీ పైపును కంకర నడుమ పరిచి, దాన్ని స్థలం బయట వాననీటి కాలువ దాకా తీసుకువెళ్లాలి. అదే రేగడిలో ఇంకుడు గుంత తవ్వి పైపును అందులోకి వదిలితే ప్రయోజనం లేదు. కింద మొరం పొర తగిలే దాకా తవ్వితే వేరే మాట.

ఉబ్బే నేలకు నీరు తగలకుండా చూడడం మరీ మంచిది. వాటం ఇచ్చిన మట్టి మీద మందపాటి పాలిథిన్ షీటు, దాని మీద నీటిని పోనిచ్చి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ, ఆపైన 20 మిల్లీమీటర్ల కంకర, చివరగా 6 మిల్లీమీటర్ల రాతి చిప్స్ పరిచి రోలరుతో తొక్కించాలి. చదును సులువుగా కుదురుతుందని చిప్స్‌కు బదులు రాళ్లు కొట్టే యంత్రం నుంచి వచ్చే క్రషర్ డస్ట్ వాడడం తరచుగా చూస్తున్నాం. అందులోని మెత్తని పిండి తడిసి గట్టిపడితే పచ్చిక అడుగునున్న రంధ్రాలు ఉన్నా లేనట్టే.

పనికి కాలం కూడా ముఖ్యం. ఎండి నెర్రెలిచ్చిన రేగడిని తొక్కించి పచ్చిక పరిస్తే, ఆ తరువాత చేరే ప్రతి తడికీ అది ఉబ్బుతుంది. రైతు దుక్కికి ఎదురుచూసే పదును వంటి తేమ ఉన్నప్పుడు తొక్కించిన నేల తరువాత అంతగా కదలదు. అంచుల్లో తడి, పొడి వేగంగా మారుతుంటాయి కాబట్టి చుట్టూ లోతైన కాంక్రీటు గట్టు కట్టడం కూడా అవసరం.

పచ్చిక చుట్టలు విప్పే ముందు 5,000 లీటర్ల ట్యాంకరును తెప్పించి చిప్స్ మీద అంతటా సమంగా పోయించాలి. 200 చదరపు మీటర్ల స్థలానికి అది 25 మిల్లీమీటర్ల వానతో సమానం. పైపు చివర నిలబడి చూడాలి. కాసేపటికి ధార మొదలై, క్రమంగా సన్నబడి ఆగిపోతే అడుగు వాటం కుదిరినట్టు. ధార రాకపోయినా, రోజంతా చుక్కలుగా కారుతూనే ఉన్నా నీరు ఎక్కడో నిలిచిందని అర్థం. అప్పుడు కంకర ఎత్తి ఆ పల్లాన్ని వెతకడానికి పట్టే ఖర్చు, పచ్చిక అతికించాక అదే పని చేయడానికయ్యే ఖర్చులో చిన్న భాగమే.