నాలుగు పెన్సిల్ సెల్లుల రాతపలక

టాండీ సంస్థ 1983లో మోడల్ 100 అనే చిన్న కంప్యూటరును అమ్మకానికి పెట్టింది. తయారుచేసింది జపాన్ కంపెనీ క్యోసెరా. ఏ4 కాగితమంత పెట్టె, పూర్తి సైజు కీబోర్డు, దానిపైన ఎనిమిది వరుసల తెర, వరుసకు 40 అక్షరాలు. రాయడానికి దీన్ని ఇప్పటికీ వెతికి కొనేవాళ్లున్నారు. పాత వస్తువు మీద మోజే కారణమనుకుంటే పొరపాటు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం పల్లెలకు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు లాప్‌టాప్ మొదటిరోజే చేతులెత్తేస్తుంది. ఇదైతే నాలుగు ఆల్కలైన్ పెన్సిల్ సెల్లులతో సుమారు 20 గంటలు నడుస్తుంది. తెరకు సొంత వెలుగు లేదు, బయటి వెలుగునే తిప్పికొడుతుంది (రాత్రయితే లాంతరు వెలిగించుకోవలసిందే). ప్రాసెసరు కరెంటును పొదుపుగా వాడే సీమాస్ రకం. అందులోని ట్రాన్సిస్టర్లు స్థితి మారేటప్పుడే ఎక్కువ కరెంటు తాగుతాయి. వేగం 2.4 మెగాహెర్ట్జే కాబట్టి ఆ తాగుడూ తక్కువే. ప్రోగ్రాములన్నీ చెరగని రోమ్ చిప్పులో ఉంటాయి, రాసింది కరెంటు ఉన్నంతసేపే నిలిచే ర్యామ్‌లో ఉంటుంది. అందుకే స్విచ్ వేసిన మరుక్షణం నిన్న ఆపిన వాక్యం దగ్గరికి వెళ్లిపోవచ్చు.

అయితే ఆ ర్యామ్‌ను బతికించే చిన్న నికెల్-కాడ్మియం బ్యాటరీయే ఈ యంత్రానికి శత్రువు. 3.6 వోల్టులది, బోర్డుకే టంకం వేసి ఉంటుంది. ముసలిదయ్యాక అందులోని పొటాషియం హైడ్రాక్సైడ్ కారి, రాగి గీతల వెంట పాకి వాటిని తినేస్తుంది. కళింగపట్నం, భావనపాడు లాంటి చోట్ల ఉప్పుగాలి, తేమ తోడైతే చిలుము ఇంకా త్వరగా పడుతుంది. సెకండ్‌హ్యాండులో కొంటే ముందు చూడాల్సింది ఇదే.

సెల్లులు తీసి, అడుగునున్న మెమరీ పవర్ స్విచ్ ఆపేయండి. లోపలున్న రాత పోతుంది, కాబట్టి ముందే కాపీ చేసుకోవాలి. నాలుగు స్క్రూలు విప్పి పై సగాన్ని మెల్లగా లేపండి. రెండు సగాల మధ్య కేబుల్ ఉంటుంది, లాగితే తెగుతుంది. పాత బ్యాటరీ ఊడదీశాక చిలుము మీద టూత్‌బ్రష్‌తో వెనిగర్ రాయండి. కారింది క్షారం కాబట్టి ఆమ్లంతో విరుగుతుంది. తరవాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. కొత్తది 3.6 వోల్టుల నికెల్-మెటల్ హైడ్రైడ్ అయితే చాలు. లిథియం మాత్రం వద్దు: ఇక్కడి ఛార్జింగ్ ఎప్పుడూ సన్నగా పారుతూనే ఉంటుంది, నిండాక ఆపే ఏర్పాటు లేదు. అడాప్టరు 6 వోల్టులది, పైగా మధ్య పిన్ను నెగెటివ్. ఇంట్లో దొరికిన ఏదో ఒకటి గుచ్చకండి.

ఇక తెలుగు. ఒక్కో అక్షరానికి దక్కేది ఆరు చుక్కల వెడల్పు, ఎనిమిది చుక్కల ఎత్తు. అందులో ‘క్ష్మి’ ఇమడదు. కంప్యూటర్లలో అన్ని భాషల అక్షరాలకూ సంకేతాలిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు చోటు దొరికిందే 1991లో. కాబట్టి ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లిషు అక్షరాలతోనే కొట్టుకోవాలి: చిన్న ఎల్ ‘ల’, పెద్ద ఎల్ ‘ళ’, చిన్న టి ‘త’, పెద్ద టి ‘ట’. ‘శ్రీకాకుళం’లో షిఫ్ట్ మూడుసార్లు పడుతుంది, శకారానికి, ళకారానికి, సున్నకు. 32 కిలోబైట్ల యంత్రంలో దాదాపు 29 వేల అక్షరాలు పడతాయి. ఈ లెక్కన సుమారు మూడు వేల తెలుగు మాటలు.

రాసింది పీసీకి పంపడానికి యూఎస్‌బీ-సీరియల్ తీగ, దానితోపాటు పంపే తీగనూ అందుకునే తీగనూ తారుమారు చేసే నల్-మోడెమ్ అడాప్టరు కావాలి. అది లేకపోతే రెండు వైపులా ఒకే పిన్ను మీద మాట్లాడతాయి, ఎవరికీ వినపడదు. యంత్రంలోనే ఉండే టెల్‌కామ్ ప్రోగ్రాములో ‘స్టాట్ 88ఎన్1ఇ’ అని పెడితే వేగం సెకనుకు 9600 బిట్లు అవుతుంది. టెర్మినల్‌లోకి వెళ్లి ఎఫ్3 నొక్కి ఫైలు పేరు ఇవ్వాలి. వచ్చిన పాఠాన్ని, ఇంగ్లిషు అక్షరాలను తెలుగులోకి మార్చే లేఖిని అనే వెబ్‌సైటులో అతికిస్తే తెలుగవుతుంది.

ఈ తంటా వద్దనుకుంటే 2004లో వచ్చిన ఆల్ఫాస్మార్ట్ నియో అనే రాతయంత్రం మేలు. మూడు పెన్సిల్ సెల్లులతో 700 గంటల దాకా నడుస్తుందని కంపెనీ మాట. యూఎస్‌బీ తీగ తగిలిస్తే పీసీ దాన్ని మామూలు కీబోర్డే అనుకుంటుంది. లేఖిని పెట్టెలో కర్సరు పెట్టి సెండ్ మీట నొక్కితే ఒక్కొక్క అక్షరమే కొట్టుకుంటూ, అక్కడికక్కడే తెలుగులోకి మారుతూ దిగుతుంది.