పడవకూ ముక్కుతాడు కావాలి

"పట్టుమని పాతిక కిలోలు లేదు కదండీ, రెండు బెల్టులు చాలవా?"

బరంపురంలో వాన్లకు టాప్ క్యారియర్లు బిగించే పని నాది. చలికాలం వచ్చిందంటే చిలిక సరస్సుకు కాయక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) వాన్ మీద మోసుకెళ్లేవాళ్లు షెడ్డు ముందు ఆపి, ఇంజను ఆపకుండానే ఈ ప్రశ్న వేస్తారు. చాలవు. అంత తేలిక కాబట్టే చాలవు.

పదమూడు అడుగుల కాయక్‌కు మధ్యలో రెండు బెల్టులు వేశాక కూడా, ముక్కు క్యారియర్ దాటి మూడు నాలుగు అడుగులు ముందుకు వస్తుంది. క్యాంపర్ వాన్‌కు, అంటే లోపలే పడుకునే ఏర్పాటున్న బండికి, ముందు అద్దం పెద్దది, కొంచెం నిటారు. దానికి కొట్టుకున్న గాలి పైకి తన్ని ఆ ముక్కు కిందే దూరుతుంది. వేగం రెట్టింపైతే గాలి తోపు నాలుగింతలవుతుంది. 40లో నిద్రపోయిన పడవ 80లో తల ఎత్తుతుంది. ఎదురుగా లారీ వస్తే దాని గాలి అదనం.

ఇంకొకటి. బెల్టులు పడవను క్యారియర్‌కు మాత్రమే కడతాయి. క్యారియర్‌ను కప్పుకు పట్టి ఉంచే క్లాంపులు వదిలాయా, బెల్టు ఎంత మంచిదైనా రెండూ కలిసే ఎగిరిపోతాయి. అందుకే ముక్కు నుంచి నేరుగా బండి ముందున్న టోయింగ్ హుక్కుకు విడిగా ఒక తాడు. మా షెడ్డులో దాన్ని ముక్కుతాడు అంటాం. తోకకూ ఒకటి. వీణ తీగలా బిగిస్తే పడవ వంగుతుంది, సడలు లేకుండా ఉంటే చాలు. అద్దం అంచుకు రాసుకునే చోట పాత స్కూటర్ ట్యూబు ముక్క తొడగండి. ఆ తాడు డ్రైవర్ కళ్లెదుటే ఉంటుంది. ఊగడం మొదలైతే పైన ఏదో వదిలిందని అర్థం.

నాకీ బుద్ధి ఊరికే రాలేదు. మొదట్లో సొంత పడవను నైలాన్ తాళ్లతో కట్టుకుని చిలిక ఒడ్డునున్న రంభకు బయలుదేరాను. ముక్కుతాడు కూడా వేశాను, గర్వంగా. ఛత్రపురం దాటగానే వాన. నైలాన్ తడిస్తే సాగుతుందని అప్పుడు తెలియదు. రుషికుల్య వంతెన మీద పక్కగాలి కొట్టేసరికి తాడు టపటపా అద్దాన్ని బాదింది. వంతెన దాటి ఆపి చూస్తే పడవ ఏటవాలుగా కుడికి తిరిగి ఉంది. "మనం చిలికకు అంటే ఇది సముద్రానికి అంటోంది బావా" అన్నాడు మా బావమరిది. ఆ రోజు నుంచి పాలియెస్టర్ బెల్టులే, తడిసినా అంతగా సాగవు. బయలుదేరిన పది కిలోమీటర్లకు ఒకసారి దిగి చెయ్యి వేసి చూడకపోతే నాకు స్థిమితం ఉండదు.

మొన్న పర్లాకిమిడి నుంచి ఒక పంతులమ్మ ఫోను చేశారు. కాయక్ కడితే పైకప్పు కుంగుతుందని ఒకరు, పోలీసులు బండి పట్టుకుపోతారని మరొకరు చెప్పారట. అప్పు తీరని కొత్త బండి, భయపడరూ? నా కోపమంతా ఆ చెప్పినవాళ్ల మీద. వాళ్లలో ఒక్కరైనా కాయక్ ఎత్తి ఉండరు. అమ్మా, పైకప్పు మీద ఎంత బరువు వేయవచ్చో బండితో ఇచ్చిన పుస్తకంలో చూడండి. నడిచే బండికి చెప్పిన అంకె తీసుకోండి, అందులోంచి క్యారియర్, సోలార్ పలకల బరువు తీసేయండి. "నలుగురం ఎక్కి కూర్చున్నాం, ఏమీ కాలేదు" అనేవాళ్లు ఎక్కింది ఆగి ఉన్న బండి. ఇక పోలీసులు. సరుకు అనుమతించిన కొలత దాటి పక్కకో, ముందుకో, వెనక్కో, ఎత్తుకో పొడుచుకు వస్తే మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం 20,000 రూపాయల జరిమానా. ఆ కొలతలో ఉన్నంతవరకు బెంగ వద్దు.

మిగతావి గబగబా చెబుతాను. పిడి ఆడిస్తూ బిగించే రాచెట్ బెల్టు గట్టిదని దానితో బిగించకండి, మే నెల ఎండకు మెత్తబడిన ప్లాస్టిక్ సొట్టపోతుంది. చేత్తో లాగితే బెల్టును పట్టి ఉంచే క్యామ్ బకుల్, చేతి బలం చాలు. బెల్టు గాలికి మోగితే తెగిపోతోందని కాదు, ఒక మెలిక వేయండి. కూర్చునే గుంట పైకి పెట్టి వానలో తిప్పితే లీటరుకో కిలో చొప్పున నీళ్లు మోస్తారు, బోర్లించండి.

పడవతో కలిపి మొత్తం ఎత్తు టేపుతో కొలిచి, అంకె స్టీరింగ్ పక్కన అంటించండి. రైలు పట్టాల కింది దారుల ముందు ఎత్తు బోర్డు కనబడగానే పోల్చుకోవచ్చు. తర్వాత షెడ్డుకు వచ్చిన పంతులమ్మ బండికి కొలిస్తే 10 అడుగుల 2 అంగుళాలు వచ్చింది. కాగితం కోసం నేను వెతికేలోపు ఆవిడ సంచిలోంచి సుద్దముక్క తీసి డాష్‌బోర్డు మీదే రాసేశారు.