ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌కు, జీపీఎల్‌కు ఎందుకు పొసగలేదు

క్రిప్టోగ్రఫీని, అంటే సమాచారాన్ని గుప్తంగా ఉంచే కోడ్‌ను, ఎవరికి వారు సొంతంగా రాసుకోవడం ప్రమాదం. అందుకే ప్రోగ్రాములు సిద్ధంగా ఉన్న లైబ్రరీకి (ఇతర ప్రోగ్రాములు వాడుకునే కోడ్‌కు) లింక్ అవుతాయి. వాటిలో బాగా పేరున్నది ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్. అయితే దానికి లింకైన జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు కింద ఉన్న ప్రోగ్రామును బైనరీగా, అంటే నేరుగా నడిచే రూపంలో, పంచిపెట్టడానికి రెండు దశాబ్దాలకు పైగా లైసెన్సే అడ్డు నిలిచింది. సోర్సును, అంటే రాసిన అసలు కోడ్‌ను, ఎవరూ దాచలేదు. రెండు పక్షాలదీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే.

చిక్కంతా ఒక్క షరతులో ఉంది. 1990ల మధ్యలో ఎరిక్ యంగ్, టిమ్ హడ్సన్ రాసిన ఎస్‌ఎస్‌ఎల్‌ఈఏవై లైబ్రరీ లక్షణాలను ప్రకటనల్లో ఎవరు ప్రస్తావించినా, అందులోని క్రిప్టోగ్రఫీ సాఫ్ట్‌వేర్ ఎరిక్ యంగ్ రాసినదని కూడా చెప్పాలి. 1998 చివరలో దాని నుంచే పుట్టిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఆ షరతును ఉంచి, తన పేరుతో అలాంటిదే మరొకటి చేర్చింది. 1991 నాటి జీపీఎల్ రెండో వెర్షనేమో, పుచ్చుకునేవారిపై అదనపు ఆంక్షలేవీ పెట్టకూడదంటుంది. పేరు చెప్పమనడం చిన్న కోరికే కావచ్చు, చట్టం దృష్టిలో అది ఆంక్షే. బర్క్‌లీ విశ్వవిద్యాలయం ఇలాంటి షరతును తన లైసెన్సు నుంచి 1999లోనే తొలగించింది.

ఆపరేటింగ్ సిస్టమ్‌తో వచ్చే లైబ్రరీలకు జీపీఎల్ మినహాయింపు ఇచ్చింది. కానీ ఆ లైబ్రరీని ప్రోగ్రాముతో కలిపి ఇస్తే ఆ మినహాయింపు చెల్లదు. ఒకే చోటి నుంచి రెండింటినీ అందించే డెబియన్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ బృందం ఈ మాటను చాలాకాలం అక్షరాలా పాటించింది. దాంతో నెట్‌లో డేటా బదిలీకి వాడే కర్ల్ లైబ్రరీని అక్కడ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో ఒకసారి, అలాంటి పనే చేసే గ్నూటీఎల్‌ఎస్‌తో మరోసారి కట్టి ఇచ్చారు. ఇంకొందరు తమ లైసెన్సుకు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో లింకింగ్‌ను అనుమతించే పేరా జోడించారు. దానికి కాపీరైటున్న ప్రతి ఒక్కరూ ఒప్పుకోవాలి. భద్రతా లోపాలు వెతకాల్సిన చేతులు ఇలా సంతకాల వెంట తిరగడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

2017లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ బృందమే కోడ్ అందించిన సుమారు 400 మందికి ఈమెయిళ్లు పంపి, లైసెన్సు మార్పునకు అనుమతి కోరింది. జవాబు రాకుంటే అభ్యంతరం లేనట్టేనన్న వైఖరిపై నిరసన వచ్చింది. అది న్యాయమైన నిరసనే. మౌనాన్ని సంతకంగా లెక్కించకూడదు. చివరికి 2021 సెప్టెంబరులో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3.0 వెర్షన్ అపాచీ 2.0 అనే మరో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సుతో విడుదలైంది.

అపాచీ 2.0కు జీపీఎల్ మూడో వెర్షన్‌తో పొత్తు కుదురుతుంది. రెండో వెర్షన్‌తో కుదరదని, పేటెంట్ షరతులే అందుకు ఒక కారణమని జీపీఎల్‌ను రూపొందించిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ అంటుంది. ‘రెండు లేదా ఆ తర్వాతి వెర్షన్’ అని రాసుకున్న ప్రోగ్రాములకు దారి తెరుచుకుంది. ‘రెండో వెర్షన్ మాత్రమే’ అన్నవాటికి లింకింగ్‌ను అనుమతించే ఆ పేరా ఇప్పటికీ కావాలి.