ఎక్స్ క్రోమోజోముకు కట్టిన తోరణం

పక్కింటి అమ్మాయి తొమ్మిదో తరగతి. వాళ్ల పెరట్లో పిల్లి పెట్టిన మూడు పిల్లల్లో ఒకదానికి తెలుపు, నలుపు, నారింజ మచ్చలున్నాయి. "మూడు రంగులుంటే అది ఆడదేనట, నిజమేనా మాస్టారూ?" అని అడిగింది. నూటికి తొంభైతొమ్మిది పాళ్లు నిజమే.

పిల్లి ఎదురొస్తే ఇంట్లోకి తిరిగొచ్చి, మంచినీళ్లు తాగి బయల్దేరేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లను ఒక్క నిమిషం ఆగి ఆ పిల్లి ఒంటినే చూడమంటాను.

నారింజ రంగు జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. ఆడ పిల్లికి ఎక్స్‌లు రెండు, మగదానికి ఒక్కటే. పిండదశలోనే ఒక్కో కణం వాటిలో ఒకదాన్ని మూసేస్తుంది. దాన్నుంచి పుట్టే కణాలన్నీ అదే ఎక్స్‌ని మూసి ఉంచుతాయి. నారింజ ఎక్స్ మూతపడిన చోట నల్లమచ్చ, రెండోది మూతపడిన చోట నారింజమచ్చ. తెలుపు వేరే జన్యువు పని. 1961లో మేరీ లయన్ ఎలుకల రంగులు చూసి ఈ సంగతి చెప్పారు. మన అమ్మల ఒంట్లోనూ జరిగేది ఇదే.

మరి మూసేదెవరు? 1991లో దొరికింది: ఎగ్జిస్ట్ అనే ఆర్ఎన్ఏ. 17 వేలకు పైగా అక్షరాల పొడవు, కానీ దాన్నుంచి ఒక్క ప్రొటీనూ తయారుకాదు. బడిలో మనం డీఎన్ఏ నుంచి ఆర్ఎన్ఏకి, అక్కణ్ణుంచి ప్రొటీనుకి బాణాలు గీయించి ఊరుకుంటాం. పిల్లల మనసులో ఆర్ఎన్ఏ ఉత్తరాలు మోసే మనిషిగానే మిగిలిపోతుంది. మన 300 కోట్ల డీఎన్ఏ అక్షరాల్లో ప్రొటీన్ల వివరం రాసి ఉన్నవి నూటికి రెండు కూడా లేవని అదే పాఠంలో చెప్పితీరాలి.

పండగపూట పురికొసకు మామిడాకులు మడిచి గుచ్చుతాం కదా. ఎగ్జిస్ట్ ఆ పురికొస, ప్రొటీన్లు ఆకులు. తాడులో కొన్నిచోట్ల ఒకే అక్షరాల వరస మళ్లీమళ్లీ వస్తుంది. అవే ముడులు. ఏ ముడికి ఆ ఆకే. ఎ-ముడికి స్పెన్ అనే ప్రొటీను తగులుకుని హెచ్‌డాక్-3 ఎంజైమును పనిలోకి దింపుతుంది. డీఎన్ఏ చుట్టుకునే హిస్టోన్ల మీది అసిటైల్ గుంపులను అది పీకేస్తే, జన్యువులను చదివే పాలిమరేజ్ తప్పుకుంటుంది. బి-ముడికి హెచ్ఎన్ఆర్ఎన్‌పీ-కె. దాని వెంట పాలీకోంబ్ ప్రొటీన్లు వచ్చి, తెరవొద్దని హిస్టోన్ల మీద రసాయన గుర్తులు వేస్తాయి. ఇ-ముడి దగ్గర సిజ్-1 చేరి తాడును జారిపోకుండా పట్టి ఉంచుతుంది. ఎ-ముడి ఒక్కటి కోసేసి చూశారు. తాడు క్రోమోజోము పొడవునా వేలాడుతూనే ఉంది, జన్యువులు మాత్రం నోరు మూసుకోలేదు.

ఇంకో విచిత్రం, ఈ తోరణం పేనిన ఇంటి గుమ్మానికే కడతారు. ఎగ్జిస్ట్ తాను తయారైన ఎక్స్‌నే చుట్టుకుంటుంది, అదే కణంలో రెండో ఎక్స్ ఉన్నా దాని మీదికి పోదు.

కణంలో ముద్దగా కనబడే బార్ బాడీ ముడుచుకున్న ఎక్స్ క్రోమోజోమేనని 1959లో చూపినవారిలో సుసుము ఓనో ఒకరు. 'చెత్త డీఎన్ఏ' అన్న మాటను 1972లో ప్రచారంలోకి తెచ్చిందీ ఆయనే. ఆ ముద్దను చుట్టిన తాడులో కొంతభాగం, ఒకప్పుడు ప్రొటీను తయారుచేసి ఆ తర్వాత చచ్చిపోయిన జన్యువు నుంచి వచ్చిందని 2006లో తేలింది. అది చదివిన రోజు ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెప్పాను.

2015లో హోవర్డ్ చాంగ్ బృందం ఈ తాడుకు 81 ప్రొటీన్లను లెక్కపెట్టింది. రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదే తిరగబడే జబ్బు లూపస్, ఆ రోగుల్లో పదిమందికి తొమ్మిదిమంది స్త్రీలే. కణం చచ్చి చిట్లినప్పుడు తోరణం తోరణంగా బయటపడి, రోగనిరోధక వ్యవస్థ కంటికి ఆకులన్నీ గుత్తిగా ఆనతాయని ఆ బృందం ఊహ. వీటిలో చాలా ప్రొటీన్ల మీద యాంటీబాడీలు అలాంటి రోగుల రక్తంలో ఉన్నాయి. 2024లో అదే బృందం మగ ఎలుకలకు ఎగ్జిస్ట్ జన్యువును పెట్టింది, ఎ-ముడి తీసేసి. తాడు ఏ జన్యువునూ మూయలేదు. అయినా లూపస్ తెప్పించే రసాయనం ఎక్కించగానే, రోగానికి లొంగే జాతి మగ ఎలుకల్లో జబ్బు ఇంచుమించు ఆడవాటిలో వచ్చినంతగా ముదిరింది. లొంగని జాతిలో అంత రాలేదు. తోరణంతోపాటు వంశం నుంచి వచ్చే మరేదో కూడా కలిస్తేనే అది రోగమవుతుంది.