పేరు పెట్టి మరీ వెంటాడిన చట్టం

కోతలు ముగిసి పొలాలు ఖాళీ కాగానే తూర్పు ఇంగ్లండ్‌లో అక్రమ కుందేలు వేట వార్తలు మళ్ళీ మొదలవుతాయి. దీనికోసం లింకన్‌షైర్ పోలీసులు ఆపరేషన్ గెలీలియో పేరుతో ప్రత్యేక గస్తీ నడుపుతున్నారు. పట్టుబడిన బండ్లలో తరచుగా లర్చర్ అనే వేటకుక్కలే కనిపించడంతో కుక్కకూ నేరానికీ ముడి పడిపోయింది. ఈ ముడి ఇప్పటిది కాదు.

లర్చర్ ఒక గుర్తింపు పొందిన జాతి కాదు. చూపుతో వేటను పట్టి తరిమే గ్రేహౌండ్ వంటి కుక్కను గొర్రెల కాపరి కుక్క కోలీతోనో టెర్రియర్‌తోనో దాటించి పుట్టించిన సంకరం. ఉత్త గ్రేహౌండ్‌కు వేగం ఉంటుంది గాని, ముళ్ళకంచెల్ని తట్టుకునే బొచ్చు, చీకట్లో చప్పుడు చేయకుండా యజమాని సైగను అందుకునే నేర్పు రెండో రక్తం నుంచి రావలసిందే. కూటికి లేని ఇంట్లో కుండకు మాంసం తెచ్చిపెట్టేది ఆ నేర్పే.

అసలు మలుపు 1671 నాటి వేట చట్టం. ఏటా 100 పౌండ్ల రాబడినిచ్చే సొంత భూమి లేని సామాన్యుడికి వేట హక్కు లేదని అది తేల్చింది. అటువంటివారి ఇళ్ళలో సోదా చేసి తుపాకులు, వలలు, కుక్కలు పట్టుకుపోయే అధికారాన్ని భూస్వాముల వేట కాపలాదారులకిచ్చింది. పట్టుకోదగిన కుక్కల జాబితాలో గ్రేహౌండ్ పక్కన లర్చర్ పేరు కూడా చేరింది. 1389 చట్టం కూడా ఆస్తిని బట్టే వేటకుక్కను అనుమతించింది కనుక ఆలోచన పాతదే, కానీ పేదవాడి కుక్క నేర సామగ్రిగా స్థిరపడింది ఇక్కడే. కుందేలు బతకాలన్న చింత అందులో ఎక్కడా లేదు, అది ఎవరి పళ్ళెంలో పడాలన్నదే ప్రశ్న.

1831లో ఆస్తి అర్హత రద్దయి లైసెన్సు వచ్చింది. తాను సాగుచేసే పొలంలో కుందేళ్ళను కొట్టే హక్కు కౌలు రైతుకు దక్కడానికి మాత్రం 1880 దాకా ఆగవలసి వచ్చింది.

2005 ఫిబ్రవరి 18న ఇంగ్లండ్, వేల్స్‌లలో అమలుకొచ్చిన చట్టం కుక్కలతో కుందేలు (హేర్ అనే పెద్ద రకం) వేటను నిషేధించింది. 2022 మార్పులతో అపరిమిత జరిమానా, ఆరు నెలల వరకు జైలు, కుక్కలు పెంచకుండా నిషేధం సాధ్యమయ్యాయి. కుందేళ్ళ మీదికి కుక్కల్ని వదిలి పందేలు కాసే ముఠాలు పైరు తొక్కి, గేట్లు విరగ్గొట్టి, తమనే బెదిరిస్తున్నాయన్న రైతుల ఫిర్యాదు వీటి వెనుక ఉంది, అది నిజమైన ఫిర్యాదే. అయితే భూయజమాని అనుమతితో ఎలుకలను, బొరియల్లో ఉండే చిన్న రాబిట్లను కుక్కతో వేటాడటం నేటికీ చట్టసమ్మతమే. అదే లర్చర్‌ను అదే పొలంలో కావాలని పెద్ద కుందేలు మీదికి వదిలితే నేరం.