మన చిన్నోడికి సుహైల్ అని ఎందుకు పెట్టారంటే

చిట్టీ, పెద్దోడా, మిగతా పిల్లలందరికీ,

అస్సలాము అలైకుమ్. ఫోన్లో మీరందరూ ఒకేసారి అరిచేసరికి నాకు సగమే అర్థమైంది. మీ కువైట్ బాబాయి కొడుక్కి సుహైల్ అని పెట్టారు, అదేం పేరు తాతా, మనింట్లో ఎవరికీ లేదుగా, గూగుల్లో చూస్తే ఒకచోట వెన్నెల అని, ఇంకోచోట సౌమ్యుడు అని ఉంది, ఏది కరెక్టు, ఇదేగా మీరడిగింది. ఫోన్లో చెప్తే మధ్యలో లేచి ఆటకి పోతారు కాబట్టి తీరిగ్గా కూర్చుని రాస్తున్నా, మీరూ తీరిగ్గానే చదవండి.

ముందు ఆ వెన్నెల మాట తీసి పక్కన పెట్టండి. సుహైల్ అంటే చంద్రుడూ కాదు, వెన్నెలా కాదు, అదొక చుక్క పేరు. ఆకాశంలో దక్షిణం వైపు కిందగా కనపడే పెద్ద చుక్క, రాత్రిపూట కనపడే నక్షత్రాల్లో సిరియస్ తర్వాత ఎక్కువ మెరిసేది అదే, ఇంగ్లీషు పుస్తకాల్లో దాన్ని కనోపస్ అంటారు. సౌమ్యుడు, మెత్తనివాడు అనే అర్థం పూర్తిగా అబద్ధమేం కాదు, అరబ్బీలో సీన్, హా, లామ్ అనే మూడక్షరాలు కలిస్తే తేలిక, చదునుగా ఉండటం అనే అర్థం వస్తుంది, సుహైల్ ఆ మాటలోంచే వచ్చిన ముద్దుపేరు లాంటి రూపం. కానీ అరబ్బు ఇంట్లో పిల్లాడికి సుహైల్ అని పెట్టారంటే వాళ్ల కళ్ల ముందు కదిలేది ఆ చుక్కే. ఇక లక్కీ నంబర్, లక్కీ కలర్, ఈ పేరున్నోళ్ల గుణాలు అని రాసేవి ఉంటాయే, అవన్నీ ఉత్త కాలక్షేపం, ఏ పేరు కొట్టినా అవే గుణాలు వస్తాయి, కావాలంటే మీ పేర్లు కొట్టి చూడండి.

బాబాయికి ఈ పేరెందుకు తట్టిందో చెప్తా. వాడుండే కువైట్లో గానీ, సౌదీ, ఎమిరేట్స్ వైపు గానీ ఎండాకాలం అంటే మన రోహిణీ కార్తె ఏ మూలకీ రాదు. అక్కడి జనం ఆగస్టు చివర్లో, సుమారు 24వ తారీఖు నుంచి, తెల్లారుజామున దక్షిణం వైపు చూస్తారు, కొన్నాళ్లు సూర్యుడి వెలుగులో కనపడకుండా పోయిన సుహైల్ మళ్లీ అప్పుడే పైకొస్తుంది. అది కనపడిందంటే ఇంక ఎండ తల వంచినట్టే అని వాళ్ల లెక్క. చుక్క కనపడగానే ఏసీ ఆపేయొచ్చు అనుకునేరు, పగలు ఇంకా మాడుతూనే ఉంటుంది, ఉక్కపోత కూడా ఉంటుంది, కాకపోతే రాత్రిళ్లు మెల్లగా చల్లబడటం మొదలవుతుంది. సుహైల్ లేస్తే రాత్రిపూట చీకట్లో తడుముకుని అయినా ఖర్జూరం కోసుకో అని సామెత చెప్తారు, అంటే కాయ పండిపోయింది, ఎక్కడ చెయ్యి పెట్టినా దొరుకుద్ది అని. సుహైల్ లేచాక వరదని నమ్మొద్దు అని ఇంకోటి ఉంది, ఎడారిలో ఎండిపోయిన వాగులు ఆ తర్వాత వానలకి ఉన్నట్టుండి పొంగుతాయి కదా, వాగులో డేరా వేసుకుని పడుకోకు అని చెప్పటం. వాళ్ల పాత లెక్కలో ఏడాది కూడా సుహైల్ లేచిన రోజు నుంచే మొదలు, అక్కడి నుంచి పది పది రోజుల కట్టలు కట్టుకుంటూ పోతారు, ఒక్కో కట్టని దర్ర్ అంటారు, చేపలకి ఎప్పుడు పోవాలి, విత్తనం ఎప్పుడు వెయ్యాలి అన్నీ దాన్ని బట్టే చూసుకునేవాళ్లు. మన కార్తెలు ఉన్నాయిగా, అట్లాంటిదే. మనోడు సరిగ్గా ఆ రోజుల్లోనే పుట్టాడు, అక్కడ బాబాయి వాళ్ల ఆఫీసులో అందరి నోటా సుహైల్ సుహైల్ అనే మాటే, అదీ కథ.

పాతకాలం అరబ్బులు చుక్కల మీద కథలు కూడా అల్లారు, మృగశిర దగ్గర వరసగా మూడు చుక్కలు కనపడతాయి చూడండి, ఆ మొత్తం గుంపుని వాళ్లు జౌజా అనే ఆడమనిషి అనుకున్నారు. సుహైల్ జౌజాని పెళ్లాడాడు, ఏదో గొడవలో ఆమె నడుం విరిగింది, భయపడి దక్షిణానికి పారిపోయాడు, ఇప్పటికీ ఒంటరిగా అక్కడే తిరుగుతున్నాడు. సుహైల్‌కి ఇద్దరు చెల్లెళ్లు. ఒకామె పాలపుంత దాటి అన్న వెనకే పోయింది, అది సిరియస్. రెండోది దాటలేక ఇవతలే ఉండి ఏడ్చి ఏడ్చి కళ్లు మసకబారిపోయింది, అది ప్రోసియాన్ అనే చుక్క, అందుకే కొంచెం డల్‌గా ఉంటుంది అంటారు. నాకైతే పెళ్లికూతురి నడుం విరిచినోడి మీద జాలి చూపించే కథ అంతగా నచ్చదు గానీ చుక్కలు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తుపెట్టుకోటానికి ఇంతకంటే మంచి ఉపాయం లేదు.

మీకు బడిలో అగస్త్యుడి కథ చెప్పే ఉంటారు, వింధ్య కొండని వంచి దక్షిణానికి పోయి మళ్లీ తిరిగి రాని ముని. మన దేశంలో అగస్త్య నక్షత్రం అనేది కూడా ఈ చుక్కనే! అగస్త్యుడు ఉదయిస్తే వానాకాలం బురద నీళ్లు తేటపడతాయని కాళిదాసు రాశాడు, వరాహమిహిరుడు అయితే దాని ఉదయం మీద ఒక అధ్యాయమే రాశాడు. వాళ్లకి ఎండ తగ్గే గుర్తు, మనకి వాన నీరు తేరుకునే గుర్తు, రెండు చోట్లా చుక్క ఒక్కటే, రెండు కథల్లోనూ దక్షిణానికి పోయి అక్కడే ఉండిపోయినోడే.

ఇక మనుషుల సంగతి. ఈ పేరున్నవాళ్లలో చరిత్రలో అందరికన్నా ముందు చెప్పుకునేది సుహైల్ బిన్ అమ్ర్ గురించి. మక్కాలో ఖురైష్ అనే తెగకి పెద్ద, మంచి మాటకారి, మొదట్లో మన ప్రవక్త (స) కి గట్టి వ్యతిరేకి. 628లో హుదైబియా దగ్గర ఒప్పందం రాసుకునేటప్పుడు ఖురైష్ తరఫున వచ్చింది ఇతనే. ఇతను రావటం చూసి ప్రవక్త మీ పని సులువైంది అన్నారని హదీసుల్లో, అంటే ప్రవక్త మాటలూ చేతలూ రాసిపెట్టిన పుస్తకాల్లో, ఉంది, పేరులోనే సులువు ఉంది కదా, అందుకు. తీరా కూర్చున్నాక ఆయన అంత సులువుగా ఏం వదల్లేదు, కాగితం మీద బిస్మిల్లా హిర్రహ్మా నిర్రహీమ్ అని రాయటానికి ఒప్పుకోలేదు, అల్లాహ్ ప్రవక్త ముహమ్మద్ అని రాస్తే అసలే ఒప్పుకోలేదు, నువ్వు ప్రవక్తవని మేం ఒప్పుకుంటే ఇంక గొడవేముంది, మీ నాన్న పేరు రాయి చాలు అన్నాడు. రాస్తున్నది ప్రవక్త అల్లుడు హజ్రత్ అలీ, ఆ మాట కొట్టేయటానికి ఆయనకి చెయ్యి రాలేదు, ప్రవక్తే తీయించి ముహమ్మద్ బిన్ అబ్దుల్లా అని రాయించారు. అంతలో సుహైల్ సొంత కొడుకు అబూ జందల్ కాళ్లకి సంకెళ్లతో అక్కడికి వచ్చి పడ్డాడు, వాడు అప్పటికే ముస్లిం అయ్యాడు, తండ్రే కట్టేసి పెట్టాడు. మక్కా నుంచి పారిపోయి వచ్చినవాళ్లని తిరిగి పంపాలి అన్న ఒప్పందం ప్రకారం ఆ పిల్లాణ్ణి వెనక్కి అప్పగించాల్సి వచ్చింది, చుట్టూ ఉన్నవాళ్లకి అది మింగుడుపడలేదు. అంత పట్టు పట్టిన సుహైలే 630లో మక్కా ముస్లింల చేతికొచ్చాక ఇస్లాంలోకి వచ్చాడు, ప్రవక్త పోయాక మక్కా జనం అటూ ఇటూ ఊగుతుంటే లేచి మాట్లాడి వాళ్లని నిలబెట్టాడు అంటారు. నాకు ఆయన్లో నచ్చేది ఇదే, అవతల ఉన్నప్పుడూ గట్టిగా ఉన్నాడు, ఇవతలికొచ్చాకా గట్టిగానే ఉన్నాడు.

సుహైబ్ అని ఇంకో సహాబీ, అంటే ప్రవక్త సహచరుడు, ఉన్నారు, సుహైబ్ రూమీ, ఆయన వేరు, పేరు వేరు. చాలామంది కలిపేస్తారు, మీరు కలపొద్దు.

తర్వాత తరంలో ఇంకో సుహైల్ పెళ్లి ఒక పద్యంలో నిలిచిపోయింది. ఉమర్ బిన్ అబీ రబీఆ అని ఒక కవి, అతను సురయ్యా అనే అమ్మాయిని ఇష్టపడ్డాడు, ఆమె సుహైల్ అనే అతన్ని పెళ్లి చేసుకుంది. సురయ్యా అంటే కృత్తికలు, ఉత్తరం వైపు చుక్కలు, సుహైల్ దక్షిణం చుక్క, ఈ రెండూ ఎట్లా కలుస్తాయయ్యా అని ఎత్తిపొడుస్తూ పద్యం కట్టాడు. అమ్మాయి దక్కలేదు గానీ పద్యం బతికింది.

మీకు పంచతంత్రం తెలుసుగా, సింహానికీ ఎద్దుకీ మధ్య తంపులు పెట్టే కరటకుడు దమనకుడు అనే నక్కలు. ఆ కథలు ఇక్కణ్నించి ఇరాన్ పోయి, అక్కడ నుంచి అరబ్బీలోకి కలీలా వ దిమ్నా అనే పేరుతో పోయి, మళ్లీ ఫార్సీలోకి వచ్చాయి. 15వ శతాబ్దం చివర్లో హెరాత్‌లో హుసేన్ వాయిజ్ కాషిఫీ అనే ఆయన వాటిని బాగా నగిషీలు పెట్టి మళ్లీ రాసి, తనని పోషించిన అమీర్ సుహైలీ పేరు మీద అన్వారె సుహైలీ అని పెట్టాడు, సుహైల్ వెలుగులు అని అర్థం. అక్బర్ దాన్ని బొమ్మలతో రాయించుకున్నాడు. తర్వాత ఈస్ట్ ఇండియా కంపెనీ దొరలకి ఫార్సీ నేర్పే పాఠ్యపుస్తకం కూడా అదే అయింది. అంటే మన నక్కల కథలు ఊళ్లు తిరిగి తిరిగి ఈ పేరు పెట్టుకుని మళ్లీ మన దేశానికి వచ్చాయి.

స్పెయిన్‌లో మలగా దగ్గర ఫ్యూయెంగిరోలా అనే ఊళ్లో సముద్రం ఒడ్డున సుహైల్ కోట ఉంది, ఇప్పటికీ అదే పేరు. ఐరోపాలో ఈ చుక్క కనపడే చోట్లు బహు తక్కువ, అక్కడ కూడా నీళ్లకి ఆనుకుని కాసేపు కనపడితే కనపడినట్టు. ఆ చోటి పాత పేరు సుహైల్ మీదే సుహైలీ అనిపించుకున్న పండితుడు ఒకాయన ప్రవక్త జీవితచరిత్ర మీద పెద్ద వ్యాఖ్యానం రాశాడు, ఆయనకి చూపు లేదు, 1185లో పోయాడు.

ఓడలవాళ్లకి దక్షిణం అంటే ఈ చుక్కే గుర్తు, పర్షియన్ గల్ఫ్ వైపు అరబ్బు నావికులు ఒక గాలికి కూడా సుహైలీ అని పేరు పెట్టుకున్నారు. ఆ గాలి పేరుతో మన ముంబైలో టేకు చెక్కతో ఒక పడవ కట్టించారు, దాని మీదే రాబిన్ నాక్స్ జాన్‌స్టన్ అనే ఇంగ్లీషాయన 1968 జూన్‌లో బయల్దేరి ఎక్కడా ఆగకుండా ఒంటరిగా భూమి చుట్టూ తిరిగి 1969 ఏప్రిల్లో ఇంటికి చేరాడు, అట్లా చేసిన మొదటి మనిషి ఆయనే. అదీ మన దేశంలో కట్టిన పడవ మీద, ఇది మన బడి పుస్తకాల్లో ఎందుకు ఉండదో నాకు అర్థం కాదు. అమెరికా వాళ్లు 1964లో అంగారకుడి దగ్గరికి పంపిన మారినర్ 4 కూడా దారి తప్పకుండా ఈ చుక్కనే చూసుకుంటూ పోయింది.

ఇక ఎంత మందికి ఉంది ఈ పేరు అంటే, మహమ్మద్, అహ్మద్, ఇమ్రాన్ లాగా వీధికి నలుగురుండే పేరైతే కాదు. గల్ఫ్‌లో వినపడుద్ది, ఎమిరేట్స్ ఇంధన మంత్రి పేరు సుహైల్ అల్ మజ్రూయీ. పాకిస్తాన్ క్రికెట్‌లో అయితే ఆమిర్ సొహైల్‌ని మీ నాన్నలు జన్మలో మర్చిపోరు, 1996 ప్రపంచకప్‌లో బెంగళూరులో ఫోర్ కొట్టి వెంకటేశ్ ప్రసాద్‌కి బ్యాట్‌తో బౌండరీ చూపించాడు, వెంటనే తర్వాతి బంతికే వికెట్ ఎగిరిపోయింది. సొహైల్ తన్వీర్ 2008లో మొదటి ఐపీఎల్‌లో 22 వికెట్లు తీశాడు. మన తెలుగులో బిగ్ బాస్ నాలుగో సీజన్ సోహెల్ అందరికీ తెలుసు. హైదరాబాద్‌లో కొద్దో గొప్పో ఉంటారు గానీ మన గుంటూరు పల్లెల్లో మాత్రం అరుదే. మన పెద్దల పేర్లన్నీ దర్గాల మీద మొక్కుకుని పెట్టుకున్నవి, మస్తాన్ వలి, నాగూర్ మీరా, సైదులు, దస్తగిరి, వీటి మధ్య సుహైల్ అంటే మీకు కొత్తగా అనిపించటంలో తప్పేం లేదు, మీ నాయనమ్మకైతే ఇంకా నోరు తిరగట్లేదు, సోయల్ సోయల్ అంటంది.

అందుకే చెప్తున్నా, సు-హైల్, హై మీద కొంచెం నొక్కండి, హ పలకండి, మింగేయొద్దు. ఫిబ్రవరిలో మీరు ఊరికి వస్తే రాత్రి తొమ్మిదింటికి డాబా ఎక్కి దక్షిణం వైపు చూడండి, ఆకాశంలో సగం ఎత్తుకి కొంచెం పైన సిరియస్ ఉంటుంది, దానికి బాగా కింద, చెయ్యి చాపి నేల అంచు నుంచి పిడికిలి మీద పిడికిలి పెడితే రెండు పిడికిళ్ల ఎత్తులో ఒంటరిగా కనపడేదే సుహైల్. సుమారు 310 కాంతి సంవత్సరాల దూరం, అంటే మీరు చూసే వెలుతురు హైదరాబాద్‌లో నిజాముల రాజ్యం మొదలవకముందు అక్కడ బయల్దేరింది. చెట్లూ బిల్డింగులూ అడ్డమొస్తే మన పొలం గట్టు మీద నుంచి బాగా కనపడుద్ది, దోమలకి మాత్రం ఏదన్నా రాసుకుని పోండి.

ఒక పని కూడా చెప్తా, పెద్దోడా నువ్వే బాబాయికి వాట్సాప్ పెట్టు. ఇంగ్లీషులో ఎస్ తర్వాత యూ రాస్తారో ఓ రాస్తారో ఇప్పుడే తేల్చుకోమను, బర్త్ సర్టిఫికెట్లో ఒకటి, పాస్‌పోర్టులో ఇంకోటి, ఆధార్‌లో మూడోటి అయితే తర్వాత ఆఫీసుల చుట్టూ తిరగాల్సింది వాడే. నన్నడిగితే యూ పెట్టమంటా, అరబ్బీ పలుకుబడికి అదే దగ్గర. తెలుగులో రాసేటప్పుడు సుహైల్, అంతే, సోహెల్ కాదు. అఖీఖా, అదే బిడ్డ పుట్టినందుకు చేసే వేడుక, ఇక్కడే చేద్దామంటున్నారు, డేట్ ఖాయం కాగానే మీ అమ్మకి ఫోన్ చేస్తా, స్కూల్ సెలవు చీటీలు అప్పుడు రాద్దురు గానీ.

మీ తాత