లిఫ్టు కొనే ముందు నేల సంగతి చూడండి: ఇంటి గ్యారేజీ అపోహలు, వాస్తవాలు

నెల్లూరు నుంచి ఒంగోలు దాకా వర్క్‌షాపుల్లో కార్ల లిఫ్టులు, అంటే కింద నిలబడి పని చేసుకోవడానికి కారును పైకి లేపే యంత్రాలు, బిగించడం నా వృత్తి. కొంతకాలంగా ఇళ్ళ నుంచి కూడా పిలుస్తున్నారు. తండ్రి వాడిన అంబాసిడర్‌ను మళ్ళీ రోడ్డెక్కించాలనుకునే కొడుకు, పాత జీపు మీద మనసుపడ్డ పొగాకు రైతు, తన కారుకు ఆయిలు తానే మార్చుకోవాలనుకునే ఉద్యోగి. అందరూ మొదట అడిగే మాట ఒకటే: "ఎన్ని టన్నులది తీసుకోమంటారు?" నేను తిరిగి అడిగేదీ ఒకటే: "మీ పార్కింగు నేల కింద ఏముంది?"

చాలామందికి ఈ ప్రశ్న వింతగా అనిపిస్తుంది. కానీ ఇన్నేళ్ళలో నేను వెనక్కి తిప్పి పంపిన లిఫ్టుల్లో ఎక్కువ భాగం లిఫ్టు బాగాలేక కాదు, నేల ఒప్పుకోక.

అపోహ: "చీమకుర్తి గ్రానైటు పరిచాం, నేల ఉక్కులా ఉంది."

నెల్లూరు వేదాయపాళెంలో ఒక రిటైరైన మాస్టారి ఇంటికి వెళ్ళాను. ఆయన దగ్గర పాత మారుతి 800 ఉంది, దాన్ని పువ్వులా చూసుకుంటారు. పార్కింగు నిండా బంగారు చుక్కల నల్ల గ్రానైటు. రంధ్రం వేసి చూస్తానంటే ఆయన మనసు ఒప్పలేదు. "బాబూ, ఇంత గట్టి రాయికి పరీక్ష ఎందుకు?" అన్నారు. "మాస్టారూ, రాయి సంగతి నాకు తెలుసు, దాని కింద సంగతే తెలియదు" అని ఒక మూల డ్రిల్లు పెట్టాను. మొదట నల్లటి పొడి వచ్చింది. అంగుళం దాటకముందే పొడి తెల్లబడింది, అది రాయి కింద పరిచిన సిమెంటు మాలు. తర్వాత కంకర తగిలి డ్రిల్లు గీపెట్టింది. అదీ మూడు అంగుళాల వరకే. ఆ పైన డ్రిల్లు చటుక్కున కిందికి జారిపోయింది. బిట్టు బయటికి తీస్తే గాడుల్లో ఎర్రటి గ్రావెలు మట్టి తడితడిగా అంటుకుని ఉంది. మాస్టారు వంగి, ఆ మట్టిని వేళ్ళతో నలిపి చూసి, మళ్ళీ మాట్లాడలేదు.

మన ఇళ్ళలో పార్కింగు నేల ఇలాగే ఉంటుంది. గ్రావెలు పోసి దిమ్మిస చేసి, సిమెంటు ఒకటికి ఇసుక నాలుగు, 40 ఎం.ఎం. కంకర ఎనిమిది పాళ్ళలో బెడ్ కాంక్రీటు వేస్తారు. దాని మీద మాలు, మాలు మీద రాయి. కారు నిలపడానికి ఇది చాలు. లిఫ్టు బోల్టుకు మాత్రం చాలదు. ఆ బోల్టు కాంక్రీటు లోపల వ్యాకోచించి, చుట్టూ ఉన్న గోడలను ఒత్తి పట్టుకుంటుంది. గ్రానైటు గట్టిదే అయినా పెళుసు, పైగా అది వట్టి పలక. దాని మందాన్ని, మాలు మందాన్ని బోల్టు లోతులో లెక్కవేయకూడదు. లిఫ్టు స్తంభం అడుగున ఉండే ఇనుప పలక వచ్చే చోట గ్రానైటు తీసేసి, లిఫ్టును నేరుగా కాంక్రీటు మీద కూర్చోబెట్టాలి.

రెండు స్తంభాల లిఫ్టులో కారుకు రెండు పక్కలా స్తంభాలుంటాయి, వాటి నుంచి లోపలికి చాచిన ఇనుప చేతులు కారును లేపుతాయి. అది నేల మీద చేసే పని వేరు. చెయ్యి చాచి నీళ్ళ బిందె పట్టుకోండి. బరువు అరచేతిలో ఉన్నా నొప్పి భుజంలో పుడుతుంది. లిఫ్టు చేతులు కారును లోపలి వైపు మోస్తుంటే స్తంభం లోపలికి ఒరగాలని చూస్తుంది, బయటి వైపు బోల్టులు నేల నుంచి ఊడివచ్చేలా లాగబడతాయి. కాబట్టి నేల కారు బరువును మోస్తే సరిపోదు, బోల్టును వదలకుండా పట్టుకోవాలి కూడా. తయారీదారులు సాధారణంగా అడిగేది 4 నుంచి 6 అంగుళాల మందం, చదరపు అంగుళానికి 3,000 పౌండ్ల బలం. మన మేస్త్రీల లెక్కలో ఎం25 కాంక్రీటు అన్నమాట. నేనైతే రెండు స్తంభాలనూ కలుపుతూ ఒకే స్లాబు, 8 అంగుళాల మందం, లోపల ఇనుప జాలీ ఉండాలని పట్టుబడతాను. వేశాక 28 రోజులు ఆగాలి. గోనెసంచులు కప్పి రెండు పూటలా తడపాలి. వారానికే బిగించేయమని తొందరపెట్టేవాళ్ళకు నేను లొంగను.

ఈ పట్టుదల నాకు ఊరికే రాలేదు. వృత్తిలోకి వచ్చిన కొత్తలో ఒక ఇంటి యజమాని "ఆరంగుళాల కాంక్రీటు" అన్న మాట నమ్మి, పరీక్ష రంధ్రం వేయకుండానే బోల్టులు దించాను. కావలసిన బిగువు రాగానే టక్కుమనే టార్క్ రెంచితో బిగిస్తుంటే మొదటి మూడూ టక్కుమన్నాయి. నాలుగోది అనలేదు. రెంచి తిరుగుతూనే ఉంది, బోల్టు మెల్లగా పైకి లేస్తూనే ఉంది. అప్పటికి కారు ఎక్కించలేదు కాబట్టి బతికాం. ఆ తప్పు పూర్తిగా నాదే. ఆ లిఫ్టు విప్పి, నా ఖర్చుతో నేల తవ్వి మళ్ళీ వేయించాను.

కాంక్రీటు కింద మట్టిని కూడా పట్టించుకోవాలి. ప్రకాశంలో నల్లరేగడి ఉన్న చోట్ల నేల వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిస్తుంది. స్లాబు బాగున్నా ఒక పక్క లేచి స్తంభం నిలువు తప్పుతుంది. అక్కడ నల్లమట్టి తీసి గ్రావెలు నింపి, పొరపొరకూ నీళ్ళు పోసి దిమ్మిస చేశాకే స్లాబు వేయాలి. సముద్రం వైపు ఇసుక నేలల్లో ఈ ఉబ్బు బాధ లేదు, కానీ ఇసుక జారిపోకుండా చూసుకోవాలి.

అపోహ: "కింద సంపు ఉంటే ఏమైంది? రోజూ దాని మీదే కారు నిలుపుతున్నాం."

నాకు అన్నిటికన్నా భయం కలిగించే మాట ఇదే. మన ఊళ్ళలో స్థలం చాలక నీళ్ళ సంపు, కొన్నిచోట్ల సెప్టిక్ ట్యాంకు కూడా పార్కింగు కిందే కడతారు. పైన రాళ్ళు పరిచేశాక గుర్తుగా మిగిలేది ఒక మూల చిన్న మూత మాత్రమే. ఇల్లు కొనుక్కున్న వాళ్ళకైతే ఆ సంగతే తెలియకపోవచ్చు. నిలిపిన కారు తన బరువును నాలుగు చక్రాలకు పంచి, కదలకుండా ఉంటుంది. లిఫ్టు ఆ మొత్తాన్ని రెండు చిన్న ఇనుప పలకల కిందికి తెచ్చి, పైగా పక్కకు లాగుతుంది. సంపు పైకప్పు మీద బోల్టు రంధ్రం వేస్తే ఆ కప్పు బలం కూడా తగ్గుతుంది. సంపు ఉన్న చోట రెండు స్తంభాల లిఫ్టు పెట్టనే కూడదు. స్టిల్టు కింద సెల్లారు ఉన్న ఇళ్ళకు కూడా ఇదే మాట. ఇల్లు కట్టిన మేస్త్రీని పిలిపించి, సంపు గోడలు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉన్నాయో నేల మీద సున్నంతో గీయించండి. ఆ గీతలు చూశాకే మిగతా మాటలు.

అపోహ: "ఎన్ని ఎక్కువ టన్నులైతే అంత భద్రం."

స్విఫ్ట్ బరువు 900 కిలోల చుట్టుపక్కల. ఇన్నోవా క్రిస్టా సుమారు 1,800 కిలోలు. ఇంటి కారు ఏదైనా 4 టన్నుల లిఫ్టుకు లోబడే ఉంటుంది. కానీ 4 టన్నులు అంటే నాలుగు చేతులూ కలిపి. ఒక్కో చేతికి టన్ను. ఇంజను, గేరుబాక్సు ముందు ఉన్న కారులో ముందు చేతుల మీదే ఎక్కువ భారం పడుతుంది. ఇంకో ప్రమాదం పని మధ్యలో వస్తుంది. ఎక్కించేటప్పుడు సరిగ్గా తూగిన కారు, ఇంజను దించాక వెనక్కి ఒరుగుతుంది. అలాంటి పని పెట్టుకుంటే ముందుగానే వెనక వైపు ఎత్తు స్టాండు ఆనించాలి. దీనికి టన్నులతో సంబంధం లేదు.

చేతులు ఆనే చోటు కూడా అంతే ముఖ్యం. మారుతి, హ్యుందాయ్ వంటి కార్లకు తలుపుల కింద అంచులో గట్టి చోట్లు నాలుగు ఉంటాయి, కారుతో వచ్చిన పుస్తకంలో బొమ్మ వేసి ఉంటుంది. బొలెరో, స్కార్పియో వంటి వాటికి ఛాసిస్ పట్టీ మీద ఆనించాలి. నెక్సాన్ ఈవీ వంటి విద్యుత్ కార్లకు నేల కిందంతా బ్యాటరీయే, చెయ్యి దానికి తగలకూడదు.

అపోహ: "పార్కింగులో పడుతుందిలే, కారు పట్టగా లేనిది లిఫ్టు పట్టదా?"

నెల్లూరులో స్థలం అంకణాల్లో కొలుస్తాం కాబట్టి అదే లెక్కలో చెబుతాను. రెండు స్తంభాల లిఫ్టుకు 12 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు ఉంటేనే చుట్టూ తిరిగి పని చేయగలం. 240 చదరపు అడుగులు, అంటే 72 చదరపు అడుగుల అంకణం లెక్కన మూడు అంకణాలకు పైనే.

ఎత్తు అంతకంటే పెద్ద సమస్య. మామూలు మనిషి కారు కింద నిటారుగా నిలబడాలంటే దాని అడుగుభాగం 6 అడుగుల ఎత్తుకు రావాలి. స్విఫ్ట్ ఒళ్ళు దాని పైన మరో నాలుగున్నర అడుగులు. అరడుగు ఖాళీ కలిపితే 11 అడుగులు. ఇన్నోవాకైతే 12. మన ఇళ్ళ పైకప్పు స్లాబు 10 అడుగుల్లో ఉంటుంది, దూలం ఉంటే ఇంకో అడుగు కిందికి. లేపిన కారుకు డిక్కీ తెరిస్తే స్లాబుకు తగులుతుందన్న సంగతి ఎవరికీ ముందు గుర్తురాదు.

వేదాయపాళెం మాస్టారికి ఇక్కడే దారి దొరికింది. ఆయన పైకప్పు ఎత్తు 10 అడుగులు. కారు కింద కత్తెరలా విచ్చుకుంటూ మీటరు పైచిలుకు లేచే కత్తెర లిఫ్టు సూచించాను. చిన్న చక్రాల పీట మీద కూర్చుని బ్రేకులు, చక్రాలు, సస్పెన్షను పనులు హాయిగా చేసుకోవచ్చు. దీని భారం నేరుగా కిందికే దిగుతుంది, బోల్టులు ఊడేలా లాగదు. లోపం కూడా ఉంది: కత్తెర నడిమధ్యన అడ్డం ఉంటుంది కాబట్టి గేరుబాక్సు, సైలెన్సరు గొట్టం పనులు ఇబ్బందే. అయినా గ్రానైటు అంత మేర తీయించి, నేలకు కొత్త స్లాబు వేయించాం. 28 రోజులూ ఆయనే పొద్దున, సాయంత్రం నీళ్ళు పోశారు.

నాలుగు స్తంభాల లిఫ్టు చక్రాల మీదే కారును లేపుతుంది. కింద ఇంకో బండి నిలుపుకోవాలనుకునేవాళ్ళకు ఇదే మంచిది. చక్రం ఊడదీయాలంటే మాత్రం దానికి ఇంకో జాకీ కావాలి.

అపోహ: "ఇంత ఖర్చెందుకు, గుంత తవ్వుకుంటే సరిపోతుంది."

పెన్నా డెల్టాలో ఆరడుగులు తవ్వితే చాలాచోట్ల నీరు ఊరుతుంది. మనకు వాన ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. 2021 నవంబరు వరదల్లో, 2023 డిసెంబరు మిచౌంగ్ తుఫానులో నెల్లూరు వైపు నీళ్ళు ఎంత నిలిచాయో అందరం చూశాం. అంతకన్నా ముఖ్యమైనది, పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైనది. అది గుంత అడుగున చేరి కూర్చుంటుంది. అక్కడ ఒక బల్బు పగిలినా చాలు. ఇంట్లో గుంత వద్దని నా గట్టి అభిప్రాయం.

అపోహ: "హైడ్రాలిక్ మీద నిలబడిందంటే ఇక భయం లేదు."

హైడ్రాలిక్, అంటే ఆయిలు ఒత్తిడి, లేపడానికి. నిలపడానికి లాకులు. సీలు ఒకటి కారినా, గొట్టం పగిలినా ఆయిలు మీద ఆనిన కారు దిగుతుంది. లేపేటప్పుడు రెండు స్తంభాల నుంచీ టక్, టక్ అని వినిపించే చప్పుడు లాకులు పడుతున్నట్టు గుర్తు. కావలసిన ఎత్తు వచ్చాక, కాస్త కిందికి దించి కారును లాకుల మీద ఆనించాలి. రెండు వైపులా ఒకే మెట్టు మీద పడ్డాయా అని కంటితో చూడాలి. ఆ తర్వాతే కిందికి వెళ్ళాలి. కొత్తవాళ్ళు ఈ దించే పని మరిచిపోతారు, ఎందుకంటే కారు అప్పటికే కదలకుండా నిలబడి ఉన్నట్టు కనిపిస్తుంది. బిగించిన రోజు నేను ఇంటివాళ్ళతో ఇది పదిసార్లు చేయిస్తాను.

లాకుల మీద ఉన్న కారును దించాలంటే ముందు కొద్దిగా పైకి లేపి లాకులు విడిపించాలి, దానికి కరెంటు కావాలి. మధ్యలో కరెంటు పోతే వచ్చేదాకా ఆగడమే. లాకులను సుత్తితో కొట్టి విడిపించే ప్రయత్నం ఎవరూ చేయకండి.

కరెంటు మాట వచ్చింది కాబట్టి: ఇంటి లిఫ్టు మోటారు సాధారణంగా 2.2 కిలోవాట్లు, అంటే మూడు హెచ్‌పీ బోరు మోటారంత. మొదలయ్యే క్షణంలో దానికి అనేక రెట్లు కరెంటు లాగుతుంది. ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించకండి. మీటరు నుంచి విడిగా తీగ, విడిగా ఎంసీబీ వేయించండి. మంజూరైన లోడు చాలకపోతే నెల్లూరు వాళ్ళు ఏపీఎస్పీడీసీఎల్‌లో, ఒంగోలు వాళ్ళు ఏపీసీపీడీసీఎల్‌లో పెంచుకోండి.

అపోహ: "చెన్నైలో సెకండ్ హ్యాండుది సగం ధరకే వస్తోంది, ఇనుమే కదా."

రావచ్చు, మంచివి కూడా ఉంటాయి. సీఈ అని యూరప్ గుర్తు స్టిక్కరు ఉంటే సంతోషించకుండా, వాహనాల లిఫ్టులకు యూరప్ పెట్టిన ఈఎన్ 1493 ప్రమాణం ప్రకారం పరీక్షించిన పత్రం అడగండి. కొత్త రంగు కింద వెల్డింగు అతుకులు దాగి ఉంటాయి, చేతుల మొదళ్ళ దగ్గర గోరుతో గీకి చూడండి. కొత్తపట్నం, మైపాడు వంటి సముద్రపు ఊళ్ళలో వాడినదైతే ఉప్పుగాలికి ఉక్కుతాళ్ళు లోపలి నుంచి తుప్పు పడతాయి, పైకి గ్రీజు నిగనిగలాడుతూనే ఉంటుంది. వట్టి చేత్తో తాడు తడమకండి, కోసుకుపోతుంది. పాత గుడ్డ ముక్క చుట్టి ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా లాగండి. గుడ్డ పోగు ఎక్కడ చిక్కుకుంటే అక్కడ తీగ తెగింది. ఆ తాడు మార్చేదాకా ఆ లిఫ్టు మీద కారు ఎక్కించకండి.